గంట వినపడినంత మేర

మా హైస్కూల్లో గంట కొట్టిన మనిషి పోయాడని పోయిన నెల మా పదో తరగతి వాళ్ళ వాట్సాప్ గ్రూపులో కబురు వచ్చింది. ఊళ్ళో ఆయనను పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. పిల్లలందరికీ ఆయన గంట మామే. కబురు చదవగానే నా చెవిలో మోగింది ఆ రైలు పట్టా ముక్క. హైస్కూలు ముందున్న వేపచెట్టు కొమ్మకు, తుప్పు పట్టిన గొలుసుతో, మూరెడు పొడవున వేలాడుతూ ఉండేది. మా మెట్ట ఊళ్ళకు రైలు దరిదాపుల్లో లేదు. ఆ ముక్కను కావలి నుంచి ఎద్దుల బండి మీద తెచ్చారని, రైలు రాకపోయినా పట్టా అయితే వచ్చిందని పెద్దవాళ్ళు నవ్వుకునేవాళ్ళు.

పొద్దున మొదటి గంట పడితే పొలం పోయేవాళ్ళు సద్దిమూట కట్టుకునేవాళ్ళు. ఇంటర్వెల్ గంట వినపడితే చెరువు కింద కలుపు తీసే ఆడవాళ్ళు నడుము ఎత్తి గట్టు మీదికి వచ్చేవాళ్ళు. ఇంకా నాలుగు సాళ్ళు మిగిలాయి గదా అని భూమి గలాయన గొణిగితే, గంట కొట్టేశారు గదా అని ఎదురు చెప్పేవాళ్ళు. సాయంత్రం లాంగ్ బెల్ పడిన తరువాతే మా అమ్మ పొయ్యి రాజేసేది. చేతి గడియారం ఉన్నవాళ్ళు ఊళ్ళో నలుగురైదుగురు మాత్రమే ఉన్న ఆ రోజుల్లో, బడి మొహం చూడని ఇళ్ళలో కూడా పొద్దును నడిపించింది ఆ ఇనుప ముక్కే. ఎండాకాలం సెలవులు ఇస్తే ముసలివాళ్ళు పొద్దు తెలియడం లేదని విసుక్కునేవాళ్ళు. ఒకసారి నడిరాత్రి వేళ గంట ఆగకుండా మోగింది. పడమటి వీధిలో గడ్డివాములు అంటుకున్నాయి. ఊరు ఊరంతా బిందెలతో పరుగెత్తింది. ఆ రాత్రి గంట మామ కొట్టకపోతే వీధిలో ఇళ్ళు మిగిలేవి కావని చాలా ఏళ్ళు చెప్పుకున్నారు.

* * *

ఆ హైస్కూలు మా ఊరికి ఊరికే రాలేదు. 1959లో పంచాయతీరాజ్ వచ్చి కొన్ని ఊళ్ళకు కలిపి ఒక సమితి, జిల్లాకు ఒక జిల్లా పరిషత్తు ఏర్పడిన తరువాత, ఎలిమెంటరీ బడులు సమితి చేతికీ, హైస్కూళ్ళు జిల్లా పరిషత్తు చేతికీ వెళ్ళాయి. మా ఊళ్ళో ఉన్నది సమితి బడి, ఏడో తరగతి వరకే. ఎనిమిదో తరగతికి పోవాలంటే వాగు దాటి, కంకర రోడ్డు ఎక్కి, గంటన్నర నడిచి మరో ఊరికి పోవాలి. మగపిల్లల్లో ఓపిక ఉన్నవాళ్ళు పోయేవాళ్ళు. వానాకాలం వాగు పొంగితే అక్కడే ఎవరింట్లోనో పడుకునేవాళ్ళు.

మా అక్క ఏడో తరగతి పబ్లిక్ పరీక్షలో బడికంతా మొదటి మార్కు తెచ్చుకుంది. ఆ సాయంత్రమే మా నాయన, వాగు దాటించి ఆడపిల్లను పంపలేను అని ఒక్క మాట అన్నాడు. ఆయన మంచివాడే, చదువంటే ఇష్టం ఉన్నవాడే. కానీ వాగు అక్కడ ఉంది, హైస్కూలు అవతల ఉంది. అక్క పుస్తకాలను చింతపండు కుండల పక్కన అటక మీద పెట్టింది. రెండు మూడేళ్ళకు హైస్కూలు మా ఊరికే వచ్చింది. నేను ఎనిమిదిలో చేరేటప్పటికి అక్కకు సంబంధాలు చూస్తున్నారు. ఒకే ఇంట్లో పుట్టి, ఒకే దీపం కింద చదువుకున్న మా ఇద్దరిలో నేను బ్యాంకు ఉద్యోగిని అయ్యాను, ఆమె ఏడో తరగతి చదివిన రైతు భార్య అయింది. లెక్కలు ఆమెకే బాగా వచ్చు. అందువల్ల హైస్కూలు ఏ ఊరికి ఇవ్వాలన్నది ఆఫీసు కాగితాల వ్యవహారంలా ఎవరైనా మాట్లాడితే నాకు ఈనాటికీ ఒళ్ళు మండుతుంది.

హైస్కూలు కోసం మూడు ఊళ్ళు పోటీ పడ్డాయి. స్థలం చూపించాలి, గదులకు కొంత రొక్కం కూడబెట్టాలి. పెద్ద రైతులు ఎకరాకు ఇంత అని వేసుకున్నారు. భూమి లేనివాళ్ళు పునాదులకు మన్ను మోశారు, చెరువు నుంచి నీళ్ళు తెచ్చారు. ఎవరు డబ్బు ఇచ్చారో తెలిపే పాలరాయి వరండా గోడలో ఇప్పటికీ ఉంది. మన్ను మోసినవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. స్థలం దగ్గరే పెద్ద పేచీ వచ్చింది. ఖాళీగా ఉన్న బంజరు ఒక్కటే, అది ఊరికీ దళితవాడకూ నడుమ ఉంది. మన పిల్లలు అటు పోవాలా అని కొందరు పట్టుబట్టారు. వేరే చోట సొంత భూమి ఇవ్వడానికి మాత్రం ఎవరూ ముందుకు రాలేదు. అలా, ఎవరి పెద్ద మనసు వల్లా కాకుండా, భూమి మీది ఆశ వల్ల బడి నడిమధ్యలో వెలిసింది. బడి కోసం వేసిన బాటే తరువాత ఊరికీ వాడకూ మధ్య మొదటి రోడ్డు అయింది. పది, పదిహేనేళ్ళలో ఆ బాటకు రెండు వైపులా ఇళ్ళు లేచి, ఎక్కడ ఊరు అయిపోయి ఎక్కడ వాడ మొదలవుతుందో కొత్తవాళ్ళకు తెలియకుండా పోయింది. పాతవాళ్ళకు బాగా తెలుసు, అది వేరే సంగతి.

* * *

హైస్కూలుతో పాటు ఊళ్ళోకి కొత్త మనుషులు వచ్చారు. నా మటుకు నాకు అదే అసలైన మార్పు. అంతవరకు మా ఊళ్ళోకి బయటివాళ్ళు వచ్చారంటే పెళ్ళికో చావుకో వచ్చిన చుట్టాలే. ఇప్పుడు గుంటూరు వైపు నుంచి సోషల్ అయ్యవారు, ఒంగోలు నుంచి హిందీ టీచరమ్మ, కడప వైపు నుంచి హెడ్మాస్టరు, నెల్లూరు నుంచి డ్రిల్లు మాస్టారు వచ్చి కాపురాలు పెట్టారు. బస్సులు లేవు కాబట్టి ఎవరూ రోజూ వచ్చి పోలేరు, ఊళ్ళోనే ఉండాలి. వాళ్ళ కోసం మూడు నాలుగు ఇళ్ళవాళ్ళు వసారాలకు గోడలు పెట్టి అద్దె గదులు చేశారు. అద్దె అనేది మా ఊళ్ళో అప్పుడే పుట్టింది. వాళ్ళ మాట తీరు వేరు, కూర వండే తీరు వేరు. మా అమ్మ హిందీ టీచరమ్మ దగ్గర ఊలు అల్లిక నేర్చుకుంది, ఆమె మా అమ్మ దగ్గర సజ్జ సంగటి కలియబెట్టడం నేర్చుకుంది. అయ్యవార్ల పిల్లలు మాతో పాటు అదే బెంచీల మీద కూర్చున్నారు. తన బిడ్డ కూర్చునే తరగతికి ఏ అయ్యవారైనా చాక్‌పీసు లేకుండా వస్తాడా?

చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పిల్లలు వచ్చారు. సైకిళ్ళు వచ్చాయి కాబట్టి పంక్చర్లు వేసే కొట్టు వచ్చింది. ఖాకీ నిక్కరు, తెల్ల చొక్కా తప్పనిసరి అయ్యేసరికి, అప్పటిదాకా పండుగలకు రవికలు కుట్టే మనిషి ఏడాది పొడవునా మిషను తొక్కాడు. చిల్లర అంగట్లో బెల్లం, కిరసనాయిలు పక్కన సిరా బుడ్డీలు, గ్రాఫు కాగితాలు చేరాయి. సోషల్ అయ్యవారు పోరి పోరి గ్రంథాలయ శాఖను తెప్పించాడు. ఇంటి పన్ను మీద రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను కింద పోతున్నాయి, మనం కట్టిన పైసలకు మన ఊళ్ళో పుస్తకం ఉండాలి గదా అని ఆయన రచ్చబండ దగ్గర లెక్క చెప్పేవాడు. ఆ లెక్క విని ఇంటి పన్ను ఎగ్గొట్టే నలుగురు పన్ను కట్టారు. గ్రంథాలయం తెరిచింది మాత్రం వాళ్ళు పేపరు చదువుకోవడానికే అనిపించేది, పొద్దుటి నుంచి బెంచీ వదిలేవాళ్ళు కాదు.

పొరుగూళ్ళ పిల్లలతో చెలిమి వల్ల మరొకటి జరిగింది. అంతకు ముందు చెరువు నీళ్ళ పంపకం దగ్గర మా ఊరివాళ్ళూ దిగువ ఊరివాళ్ళూ ఏటా కొట్టుకునేవాళ్ళు. ఒక ఏడు గొడవ ముదిరి కర్రలు లేచినప్పుడు, ఇరువైపులా నిలబడ్డ పడుచువాళ్ళు ఒకే తరగతిలో చదివినవాళ్ళు. మొదటి బెంచీ వాడిని మూడో బెంచీ వాడు ఎలా కొట్టాలో తెలియక నిలబడిపోయారట. తరువాత వాళ్ళే కూర్చుని వంతులు రాసుకున్నారు. పాఠ్యపుస్తకంలో ఏ పాఠమూ ఈ పని చేసి ఉండదు.

* * *

అంతా తియ్యగా ఉండేదని రాస్తే అబద్ధం. వరండా మూలన ఇసుక మీద రెండు నీళ్ళ కుండలు ఉండేవి. వాటి పక్కన స్టీలు గ్లాసులు నాలుగు. ఊరి పిల్లలం గ్లాసుతో ముంచుకుని తాగేవాళ్ళం. దళితవాడ పిల్లలు దోసిలి పడితే గంట మామ చెంబుతో ఎత్తి పోసేవాడు. ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలిసిన ఏర్పాటు అది. ఒకే బెంచీ మీద మోచేతులు తగిలించుకుని లెక్కలు చేసే పిల్లలు కుండ దగ్గరికి వచ్చేసరికి రెండు వరసలయ్యేవాళ్ళు.

కడప నుంచి వచ్చిన హెడ్మాస్టరు చేరిన కొత్తల్లో ఒకరోజు ప్రార్థన అయిపోయిన తరువాత ఆ గ్లాసులు నాలుగూ తన గదిలో బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఉపన్యాసం ఏమీ చెప్పలేదు. ఇక అందరికీ దోసిలే. ఇంటర్వెల్‌లో కరణంగారి అబ్బాయి, దోసిలి ఎలా పట్టాలో తెలియక, మోచేతుల వెంట నీళ్ళు కారి చొక్కా తడుపుకున్నాడు. వాడ పిల్లవాడొకడు వేళ్ళు దగ్గరగా నొక్కి పట్టాలని, బొటనవేళ్ళు లోపలికి మడవాలని వాడికి చూపించాడు. గంట మామ ముఖంలో ఏ మార్పూ లేకుండా ఇద్దరికీ ఒకే ఎత్తు నుంచి పోశాడు. నలుగురు పెద్దమనుషులు హెడ్మాస్టరును అడగడానికి వచ్చారు. గ్లాసులు పోతున్నాయి, లెక్కకు నేను జవాబుదారీని అని ఆయన సమాధానం. ఆ తరువాత సమితి వాళ్ళు బోరింగు వేశారు, కుండలే పోయాయి. బోరింగు కొట్టేవాడొకడు, తాగేవాడొకడు కావాలి కాబట్టి ఎవరు ఎవరికి కొడుతున్నారో చూసుకునే తీరిక ఉండేది కాదు.

* * *

బస్సు వచ్చిన రోజు కొబ్బరికాయలు కొట్టారు, హారతులు పట్టారు, అదంతా ఏ ఊళ్ళోనైనా జరిగేదే. నాకు గుర్తున్నది నైట్‌హాల్టు బస్సు. 1958లో ఏర్పడిన ఆర్టీసీ, తారు రోడ్డు వదిలి లోపలి ఊళ్ళకు రావడానికి మా వైపు చాలా కాలం పట్టింది. హైస్కూలు ఉంది, పిల్లలు ఉన్నారు, అయ్యవార్లు నెలనెలా సొంత ఊళ్ళకు పోతారు అని చూపించాకే రాత్రికి మా ఊళ్ళో ఆగి పొద్దున్నే కావలికి బయలుదేరే బస్సు మంజూరైంది. అంటే బడి బస్సును తెచ్చింది. బస్సు కాలేజీని దగ్గర చేసింది. నేను కావలిలో ఇంటరు, డిగ్రీ చదవగలిగానంటే చీకటి ఉండగానే ఇంటి ముందు హారను కొట్టిన ఆ డ్రైవరు వల్లే.

డ్రైవరు, కండక్టరు వేసవిలో బస్సు టాపు మీద పడుకునేవాళ్ళు, చలికాలం గ్రంథాలయం వరండాలో. వాళ్ళకు రాత్రి అన్నం వంతులవారీగా ఇళ్ళ నుంచి పోయేది. కండక్టరు చేతిలో టిక్కెట్ల పెట్టెతో పాటు ఎప్పుడూ ఒక గుడ్డసంచి ఉండేది. అందులో కావలి మందుల షాపు నుంచి ఎవరికో టానిక్కు, ఎవరి గడియారానికో రిపేరైన ముల్లు, ఎవరి కూతురో పంపిన పచ్చడి జాడీ. డబ్బులు మరుసటి రోజు ఇచ్చినా ఏమీ అనేవాడు కాదు. పోస్టు కంటే ముందు కబుర్లు తెచ్చేవాడు, కొన్నిసార్లు తేకూడని కబుర్లు కూడా.

పదో తరగతి ఫలితాల రోజు మాత్రం ఆయన రాజే. పాసైన వాళ్ళ నంబర్లు మొదటి, రెండో, మూడో తరగతుల వారీగా పేపర్లో వచ్చేవి. పేపరు కట్ట బస్సులో వచ్చేది. తొమ్మిది గంటల ట్రిప్పు కోసం పొద్దు పొడవక ముందు నుంచే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళందరూ హైస్కూలు దగ్గర చేరేవాళ్ళు. బస్సు పూర్తిగా ఆగక ముందే పిల్లలు నిచ్చెన ఎక్కేవాళ్ళు. కండక్టరు మెట్టు మీద నిలబడి పేపరు విప్పి, మా సెంటరు నంబర్లు ఏ వరసలో ఉన్నాయో వేలితో వెతికి, చివరి మూడు అంకెలు మాత్రం గట్టిగా చదివేవాడు. ఒక నంబరు నుంచి మరో నంబరుకు దూకినప్పుడు మధ్యలో ఉన్నవాళ్ళు ఒక్కొక్కరుగా గుంపు నుంచి వెనక్కి జరిగిపోయేవాళ్ళు. ఎవరూ వాళ్ళ వైపు చూసేవాళ్ళు కాదు. చదవడం అయిపోయాక గంట మామ అలాంటి వాళ్ళను వెతికి పట్టుకుని, సెప్టెంబరులో రాద్దువులేరా అని బోరింగు దగ్గరికి తీసుకుపోయి మొహం కడిగించేవాడు. నా నంబరు చదివిన రోజున మా నాయన ఏమీ అనలేదు. అక్క మాత్రం పేపరు అడిగి తీసుకుని, ఆ నంబరు ఉన్న పేజీ చింపి అటక మీద తన పుస్తకాల్లో పెట్టుకుంది.

* * *

1984లో ఊరి భూమి లెక్కలు, శిస్తు చూసే కరణాల, మునసబుల పదవులు పోయాయి. తరతరాలుగా అడంగలు కాగితం కోసం కరణంగారి అరుగు దగ్గర నిలబడ్డవాళ్ళకు అది నమ్మలేని సంగతి. మరుసటి ఏడాది తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. రాష్ట్రంలో వెయ్యికి పైగా మండలాలు ఏర్పడ్డాయి. మండల కేంద్రం మాకే వస్తుందని ఊరంతా ధీమాగా ఉంది, హైస్కూలు ఉన్న ఊరు గదా. అది తారు రోడ్డు మీద ఉన్న పక్కూరికి వెళ్ళింది. హైస్కూలు పోటీలో మాతో ఓడిపోయిన ఊరే అది.

ఐదారేళ్ళలో పక్కూరి రూపు మారిపోయింది. ఎమ్మార్వో ఆఫీసు, ఎండీవో ఆఫీసు, పోలీసు స్టేషను, పశువుల ఆసుపత్రి, వాటి వెంట దస్తావేజులు రాసేవాళ్ళు, జిరాక్సు, టైపు ఇన్‌స్టిట్యూటు, ఎస్టీడీ బూతు, రెండు హోటళ్ళు, ఒక సినిమా టెంటు. మా ఊళ్ళో అద్దెకున్న అయ్యవార్లు ఒక్కొక్కరుగా అక్కడికి మారారు. సైకిలు కొట్టు కూడా మారింది. ఊరి పెద్దలు దీన్ని కుట్ర అన్నారు గాని, నా ఉద్దేశంలో అంత లేదు. రోడ్డు ఎక్కడ ఉంటే ఆఫీసు అక్కడికి పోతుంది, ఆఫీసు ఎక్కడ ఉంటే అంగడి అక్కడికి పోతుంది. జనం పోగయ్యే తీరులో మాత్రం తేడా ఉంది. మండలం ఆఫీసుకు పనిబడ్డ మనిషి పోతాడు, పని అయితే అయిందనీ కాకపోతే కాలేదనీ తిట్టుకుంటూ తిరిగొస్తాడు. బడికి పిల్లవాడు రోజూ పోతాడు, ఏళ్ళ తరబడి పోతాడు. పక్కూరు పెద్దదైంది గాని, ఆ ఊరి వీధిలో ఒకరి గురించి మరొకరికి తెలిసినది తక్కువే అని అక్కడే ఇల్లు కట్టుకున్న మా సోషల్ అయ్యవారు చివరిదాకా అంటుండేవారు.

* * *

దేశంలో మొదటి గ్రామీణ బ్యాంకులు 1975 అక్టోబరు 2న మొదలయ్యాయి. మా జిల్లాకు అవి 1980ల మొదట్లో చేరాయి. డిగ్రీ అయిన తరువాత నాకు అందులో క్లర్కు ఉద్యోగం వచ్చింది. మొదటి బ్రాంచి మా ఊరికి దగ్గరలోనే, ఒక రైతు ఇంటి ముందు గదుల్లో. కొన్నేళ్ళ దాకా కౌంటరు ముందు ఆడవాళ్ళను చూడడమే అరుదు. వచ్చినా మగవాడి వెనుక నిలబడి, పిలిస్తే ముందుకు వచ్చి ఎడమ బొటనవేలు స్టాంపు ప్యాడు మీద ఆనించేవాళ్ళు.

1990ల మొదట్లో జిల్లాలో పెద్దవాళ్ళకు చదువు చెప్పే అక్షరదీపం ఉద్యమం మొదలైంది. రాత్రి బడులు నడపడానికి ఊరికి కొంతమంది వాలంటీర్లు కావాలన్నారు. మా అక్క అప్పటికి ఇద్దరు పిల్లల తల్లి. ఏడో తరగతి చదివినామె వాలంటీరుగా పనికి వస్తుందా అని సందేహించి అడిగింది. పనికి వస్తుందన్నారు. అటక మీద ఉన్న పుస్తకాలకు అప్పుడు కదలిక వచ్చింది. పనులు అయిపోయి అన్నాలు తిన్న తరువాత, హైస్కూలు ఎనిమిదో తరగతి గదిలో పెట్రోమాక్సు లైటు కింద ముప్పై మంది ఆడవాళ్ళు పలకలు పట్టుకుని కూర్చునేవాళ్ళు. గంట మామ భార్య కూడా అందులో ఉంది. జీవితమంతా గంట కొట్టినాయన ఇంట్లో చదువు అప్పుడు అడుగుపెట్టింది.

ఆ రాత్రి బడి వాచకంలో సారా కొట్టును ఊరి ఆడవాళ్ళంతా కలిసి మూయించిన కథ ఒకటి పాఠంగా ఉండేది. ప్రభుత్వమే పొట్లాల్లో పోసి అమ్మించిన సారా ఏరులై పారుతున్న రోజులు అవి. నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువుకునే ఆడవాళ్ళు ఆ కథను నిజం చేశారు. అది ఊరి నుంచి ఊరికి పాకింది. మా ఊళ్ళో రాత్రి బడి దగ్గరికి తాగి వచ్చి అల్లరి చేసే ఇద్దరు ముగ్గురు ఉండేవాళ్ళు. ఒక రాత్రి ఆడవాళ్ళు పలకలు కింద పెట్టి లేచి, వాళ్ళను వదిలేసి నేరుగా కొట్టు దగ్గరికి నడిచారు. అక్క ముందు నడవలేదట, మధ్యలో ఉందట. ఆ మాట ఆమె ఎప్పుడూ ఖచ్చితంగా చెబుతుంది. 1993 అక్టోబరు నుంచి రాష్ట్రమంతటా సారా అమ్మకం నిషేధించారు. తరువాత సంపూర్ణ నిషేధం రావడం, రెండేళ్ళకే అది సడలిపోవడం అందరికీ తెలిసినదే.

సారాకు పోయే డబ్బు ఇంట్లో మిగిలితే రోజుకు ఒక రూపాయి చొప్పున దాచుకుందామని మొదలైనవి పొదుపు సంఘాలు. అప్పుడు చూశాను నా కౌంటరు ముందు వరస. ఖాతా తెరవడానికి సంఘంలో ఇద్దరు సంతకాలు పెట్టాలి. ఒకామె పెన్ను తీసుకుని, ముందుగా కొంగుతో వేళ్ళు తుడుచుకుని, కాగితం మీద ఎడమ చేయి ఒత్తి పట్టి, ఒక్కొక్క అక్షరం పెదవులతో చెప్పుకుంటూ రాసింది. తలకట్టు దగ్గర ఆగి, ఇచ్చిందో లేదో చూసుకుని, మళ్ళీ ఇచ్చింది. పెన్ను ఎంత గట్టిగా నొక్కిందంటే కింద ఉన్న రెండు ఫారాల మీద కూడా ఆమె పేరు అచ్చు పడింది. ఆ ఫారాలు పనికి రావు, వేరేవి తీయాలి. నేను తీయలేదు, ఆ అచ్చుల మీదే మరో ఇద్దరి చేత రాయించాను. మేనేజరు చూసి నవ్వి ఊరుకున్నాడు. ఉమ్మడి రాష్ట్రంలో అక్షరాస్యత 1991లో 44 శాతం ఉండగా 2001 నాటికి 60 శాతం దాటిందని జనగణన చెబుతుంది. ఆ అంకె చూసినప్పుడల్లా నాకు కాగితాల కింద పడిన ఆ అచ్చు గుర్తుకు వస్తుంది.

* * *

ఆ తరువాతి సంగతులు చెప్పడానికి ఎక్కువ మాటలు అక్కరలేదు. రోడ్లు బాగుపడ్డాయి, మోటారు సైకిళ్ళు వచ్చాయి, అయ్యవార్లు పట్నంలో ఇళ్ళు తీసుకుని రోజూ వచ్చి పోవడం మొదలుపెట్టారు. అందులో తప్పేముంది? వాళ్ళ పిల్లలకు వాళ్ళు మంచి చదువు వెతుక్కోరా? కానీ అయ్యవారి బిడ్డ ఎప్పుడైతే మా బడిలో కూర్చోవడం మానేశాడో అప్పుడే ఊళ్ళో స్థితిపరులకు ఒక సూచన అందింది. పక్కూళ్ళో కాన్వెంటు వచ్చింది, దాని పసుపుపచ్చ వ్యాను మా వీధిలోకి వచ్చింది. మొదట నలుగురు ఎక్కారు, తరువాత నలభై మంది. దిగువ ఊరికి వేరే వ్యాను, ఎగువ ఊరికి వేరే వ్యాను, అవి పోయే బడులు కూడా వేరు. చెరువు నీళ్ళ దగ్గర ఇప్పుడు మళ్ళీ గొడవలు అవుతున్నాయని విన్నాను. వంతులు రాసుకున్నవాళ్ళు ముసలివాళ్ళయ్యారు, కొత్తగా వచ్చినవాళ్ళకు అవతలి ఊళ్ళో ముఖపరిచయం ఉన్నవాళ్ళు లేరు.

2009 విద్యాహక్కు చట్టం కింద పెట్టిన నిబంధనల ప్రకారం చిన్న పిల్లలకు కిలోమీటరు లోపు, ఆరు నుంచి ఎనిమిది తరగతుల వాళ్ళకు మూడు కిలోమీటర్ల లోపు బడి ఉండాలి. మా ఊళ్ళో బడి ఇంటి ముందే ఉంది. ఇప్పుడు గదులకు టైల్స్ పరిచారు, ఆడపిల్లలకు శుభ్రమైన మరుగుదొడ్లు కట్టారు, గోడల మీద రంగుల బొమ్మలు వేశారు. మేము చదివినప్పుడు వీటిలో సగం ఉన్నా ఎంతమంది ఆడపిల్లలు మానకుండా ఉండేవాళ్ళో! ఇన్ని వచ్చే వేళకు పిల్లలు తగ్గిపోయారు. ఎక్కేవాళ్ళు లేక నైట్‌హాల్టు ఆగిపోయింది, తరువాత పగటి ట్రిప్పులు. మేమందరం ఆటోలు ఎక్కి బస్సును ఖాళీగా పంపినవాళ్ళమే.

పాతకాలం తిరిగి రావాలని నేను కోరుకోవడం లేదు. 2005లో 108 అంబులెన్సు రాకముందు కాన్పుకని మంచం మీద మోసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయిన ఆడవాళ్ళు మా వాడకట్టులోనే ఉన్నారు. అక్క మనవరాలు ఈ రోజు బెంగళూరులో ఉద్యోగం చేస్తోందంటే కాన్వెంటు వ్యానుకు కూడా అందులో భాగం ఉంది. బ్యాంకులో పని చేసినన్నాళ్ళూ పథకాలు వచ్చి పోవడం చూసిన తరువాత నాకు ఒక అలవాటు పడింది. ఊరికి ఏదైనా వస్తోందంటే అది మనుషులను ఊళ్ళోకి తెస్తుందా, ఊళ్ళో నుంచి తీసుకుపోతుందా అని చూస్తాను. రెండూ కావాలి. మా ఊరికి రెండోది మాత్రమే మిగిలింది.

* * *

గంట మామ పెద్దకర్మ రోజున పాత విద్యార్థులం హైస్కూలు ఆవరణలో కూర్చున్నాం. రైలు పట్టా ముక్క ఇప్పుడు స్టోరు గదిలో ఉంది, కరెంటు బెల్లు పెట్టారు. ఆయన పేరు మీద బడి ముందు స్వాగత తోరణం కట్టిద్దామని అమెరికాలో ఉన్న మిత్రుడు ఫోనులో చెప్పాడు, డబ్బు కూడా తనే పంపుతానన్నాడు. ఇప్పటి హెడ్మాస్టరు మొహమాటపడుతూ, తోరణం కంటే పొద్దున ఎనిమిదిన్నరకు ఒక బస్సు, సాయంత్రం అయిదు గంటలకు ఒక బస్సు ఉంటే బాగుంటుంది అన్నాడు. చుట్టూ అయిదు ఊళ్ళలో వ్యాను ఫీజు కట్టలేని పిల్లలు ఉన్నారు, ఎనిమిదో తరగతి తరువాత ఆడపిల్లలు ఆగిపోతున్నారు అని చెప్పాడు. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు బస్సుల్లో ఆడవాళ్ళకు టిక్కెట్టు డబ్బు లేదు. కానీ ముందు మా రోడ్డు మీద పల్లెవెలుగు కనపడాలి గదా.

మా తరగతిలో చదివి ఆర్టీసీలో కండక్టరుగా రిటైరైన మిత్రుడు అక్కడికక్కడే అర్జీ రాశాడు. ఏ ట్రిప్పుకు ఎంతమంది ఎక్కుతారో, కిలోమీటరుకు ఎంత రాబడి ఉంటుందో చూపించకపోతే కాగితం కదలదని అతనికి తెలుసు, అందుకని ఊరూరా పిల్లల లెక్క తీశాడు. అయిదు పంచాయతీల తీర్మానాలు జతచేయాలనుకున్నాం. మూడు వచ్చాయి. దిగువ ఊరి సర్పంచి మాత్రం, మా పిల్లలు మీ బడికి రావడం లేదు గదా, తీర్మానం నేనెందుకు చేయాలి అని అడిగాడట. మిత్రుడు వచ్చే గురువారం మళ్ళీ వెళ్తున్నాడు. ఈసారి అక్క కూడా వెంట వెళ్తానంది. ఆ సర్పంచి తల్లి దిగువ ఊరి నుంచి వచ్చి అక్క రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకున్న మనిషేనట, అక్క ముందు ఆ తల్లితోనే మాట్లాడుతుందట.